నూటపదేండ్లకు పూర్తియైన వంతెన

ఇంగ్లండు దేశమున పడమటి దిక్కున బ్రిస్టలు అను ప్రాచీనమైన రేవుపట్టణము కలదు. ఏవన్ అను నది ఆ పట్టణము మీదుగా వచ్చి, ఊరు దాటిన వెంటనే సున్నపురాతి కొండలను నిలువునా చీల్చుకొని, కొలది మైళ్ళలో సముద్రమున కలియుచున్నది. పాపికొండల నడుమ గోదావరిపై పడవలో పోయినవారికి కొండగండి యెట్లుండునో వేరుగా చెప్పనక్కరలేదు. గోదావరితో పోల్చినచో ఏవన్ చిన్న యేరు మాత్రమే. అయినను అది తొలుచుకొనిన గండి మిక్కిలి లోతైనది. ఇరువైపుల కొండచరియలు కోటగోడలవలె లేచియున్నవి. తూర్పుగట్టు మీది ఊరి పేరు క్లిఫ్టన్. పడమటిగట్టున లీ వుడ్స్ అను అడవి. ఈ రెండు గట్లను కలుపుచు, పోటునీటి మట్టమునకు సుమారు 245 అడుగుల యెత్తున, నదిలో ఒక్క స్తంభమైనను లేకుండ, ఇనుప గొలుసులకు వ్రేలాడుచున్న వంతెన యొకటి 1864వ సంవత్సరమునుండి నిలిచియున్నది. అదియే క్లిఫ్టన్ వ్రేలాడు వంతెన.

వంతెనల చరిత్రలు సామాన్యముగా ఒక ఇంజనీరు పేరుతో మొదలై ఆ పేరుతోనే ముగియుచుండును. ఈ వంతెనకును అట్టి పేరు కలదు. ఇసంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్ పేరు చెప్పక దీనిని గూర్చి ఎవరును మాటాడరు. కాని దీనికొరకు మొట్టమొదట సొమ్ము విడిచిపోయినవాడు దీనిని చూడలేదు. దీనిని ఊహించి గీసిన బ్రూనెల్ కూడ దీనిని చూడలేదు. పూర్తిచేసినవారు తమ పేరు దీనికి పెట్టుకొనలేదు. ఒకరు తలపెట్టి విడిచిపోయిన పనిని వెనుకటివారు ఏల పూర్తిచేయవలెను? చేసినప్పుడు పోయినవారి మాటను ఎంతవరకు పాటింపవలెను, ఎంతవరకు దిద్దవలెను? ఈ ప్రశ్నలకు రాతిలోను ఇనుములోను దొరకిన సమాధానముగా ఈ వంతెన మాకు తోచినది. అందుచేతనే దీని కథను శ్రోతల ముందుంచుచున్నాము.

ఒక వర్తకుని మరణశాసనము

కథ 1754లో ఒక మరణశాసనముతో ఆరంభమైనది. విలియం విక్ అను బ్రిస్టలు ద్రాక్షసారాయి వర్తకుడు తాను చనిపోవుచు 1,000 పౌండ్లను ఆ పట్టణపు వర్తకసంఘమునకు అప్పగించెను. సంఘము పేరు ‘సొసైటీ ఆఫ్ మర్చెంట్ వెంచరర్స్’. ఆ సొమ్మును వడ్డీకి త్రిప్పుచుండవలెననియు, అది 10,000 పౌండ్లకు పెరిగిన నాడు ఏవన్ గండిపై రాతివంతెన కట్టవలెననియు అతడు కోరెను.

ఆ కోరిక ఆనాటికి గొంతెమ్మ కోరికయే. గండి దాటదలచినవారు క్రిందికి దిగి పడవరేవున నది దాటవలెను. లేదా పట్టణములోనికి పోయి అక్కడి వంతెనను చేరవలెను. ఓడల కొయ్యలకు తగులని యెత్తున వంతెన కట్టవలెనన్న కొండ యంచునుండి కొండ యంచునకు కట్టవలసినదే. పైగా ఆ నదిలో ఆటుపోటుల తేడా 40 అడుగుల వరకు ఉండును. పోటువేళ పెద్ద ఓడలు తేలిపోవు చోటనే ఆటువేళ బురద మాత్రము మిగులును. అట్టి నదిలో స్తంభములు నిలిపి, అంత యెత్తునకు రాయి పేర్చుట ఎంత వ్యయమో విక్ ఎరుగడు కాబోలు.

ఇక్కడ ఇంకొక మాట దాచక చెప్పవలెను. పదునెనిమిదవ శతాబ్దపు బ్రిస్టలు సంపదలో ఘోరమైన పాలు ఒకటి కలదు. ఆఫ్రికానుండి మనుష్యులను కొని, అట్లాంటిక్ సముద్రము దాటించి, చెరకుతోటలకు అమ్మిన ఓడలు ఆ రేవునుండి వందలకొలది బయలుదేరినవి. బ్రిటిషు పార్లమెంటు 1807లో ఆ వర్తకమును నిషేధించువరకు ఆ పట్టణపు వర్తకులలో అనేకులు దానిచేత ధనవంతులైరి. విక్ సొమ్మును కాపాడిన సంఘమున కూడ అట్టి వర్తకులుండిరి. రాతిగోడల అందమును మెచ్చుకొనునప్పుడు ఆ గోడల వెనుకనున్న ఊరి చరిత్రను మరచుట న్యాయము కాదు.

ఏమైనను వర్తకసంఘము విక్ అప్పగింతను మరువలేదు. 75 ఏండ్లు గడచినవి. 1829 నాటికి 1,000 పౌండ్లు 8,000 పౌండ్లయినవి. అప్పుడు లెక్కలు వేయించి చూడగా రాతివంతెనకు 90,000 పౌండ్లు కావలెనని తేలినది. మరణశాసనము చెప్పిన 10,000 పౌండ్లు ఏ మూలకు? రాతివంతెన మాట విడిచిపెట్టి, ఇనుముతో వ్రేలాడు వంతెన కట్టుటకు ఆలోచన సాగినది. ఇందుకై పార్లమెంటు ఒక చట్టము చేసి, దాటువారినుండి సుంకము వసూలుచేయుటకు అనుమతినిచ్చెను.

దండెము చెప్పు పాఠము

వ్రేలాడు వంతెన యనగా నేమో ఇక్కడ కొంచెము వివరింపవలెను. రాజమహేంద్రవరమున 1900లో రైళ్ళకు తెరచిన హేవలాకు వంతెన నీటిలో నిలిచిన రాతిస్తంభములపై ఆనియున్నది. వ్రేలాడు వంతెనకు నీటిలో స్తంభములక్కరలేదు. మన యిండ్లలో బట్టలారవేయు దండెమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. దండెముపై బరువు పడినకొలది తాడు బిగిసి, రెండు కొసలను తనవైపు లాగును. కొసలు కట్టిన కొయ్యలు గట్టిగా నాటుకొనియున్నంతవరకు దండెము బట్టలను మోయును. కొయ్యలు కదలినచో అంతయు నేల పాలు.

వంతెన విషయమును ఇంతే. రెండు గట్లపైన రెండు గోపురములు. వాటి శిఖరముల మీదుగా ఇనుప గొలుసులు. గొలుసుల కొసలు కొండలోనికి తొలిచిన సొరంగములలో లంగరువేయబడియుండును. గొలుసులనుండి నిలువు ఊచలు దిగును. ఆ ఊచలకు దారి వ్రేలాడును. రాయి ఒత్తిడిని సహించును గాని లాగినచో తెగును. సాగగొట్టిన ఇనుము లాగుడును చక్కగా సహించును. అందుచేత గోపురములకు రాయి, గొలుసులకు ఇనుము. ఎవని పని వానికప్పగించినట్లే ఏ పదార్థమునకు చేతనైన పని దానికప్పగించుటయే ఈ విద్యలోని కీలకము.

ఈ విద్యయందు ఆనాడు ఇంగ్లండున అగ్రగణ్యుడు థామస్ టెల్ఫర్డ్. వేల్సు దేశమున మెనై జలసంధిపై 1826లో అతడు పూర్తిచేసిన వ్రేలాడు వంతెన గోపురముల నడుమ దూరము సుమారు 580 అడుగులు. బ్రిస్టలువారు 1829లో నమూనాల పోటీ ప్రకటించి, వచ్చిన 22 నమూనాలను పరిశీలించుటకు అతనినే పిలిచిరి. ఆ వృద్ధుడు ఒక్కదానిని కూడ మెచ్చలేదు. మెనై కంటె దీర్ఘమైన వ్రేలాటము గాలికి నిలువదని అతని నిశ్చయము. అప్పుడు మీరే యొక నమూనా గీయుడని అడుగగా, లోయ అడుగునుండి రెండు మహోన్నతమైన గోపురములను లేపి, వాటిపై వంతెన వ్రేలాడదీయుటకు చిత్రము గీసి, 52,000 పౌండ్లగునని చెప్పెను.

టెల్ఫర్డ్‌ను ఎగతాళి చేయుట సులభము. పోటీదారుల నందరిని కాదని న్యాయనిర్ణేతయే బహుమానమునకు నిలిచినట్లున్నదని ఎవరికైనను తోచును. కాని అతని భయము ఉత్తది కాదు. మెనై వంతెన బల్లపరుపును గాలి దెబ్బతీయుట అతడు స్వయముగా చూచినవాడు. అనుభవము కొన్నిమారులు అడుగు ముందుకు వేయనీయదు; కాని అడుగు జారకుండ కాపాడునదియు అదియే.

ఇరువదిమూడేండ్ల యువకుడు

టెల్ఫర్డ్ త్రోసివేసిన నమూనాలలో నాలుగు బ్రూనెల్ పంపినవి. అప్పటికి బ్రూనెల్ వయస్సు 23 సంవత్సరములు. ఇతని తండ్రి మార్క్ బ్రూనెల్ ఫ్రాన్సు విప్లవకాలమున దేశము విడిచి వచ్చిన ఇంజనీరు. లండనులో థేమ్సు నది అడుగున తండ్రి సొరంగము త్రవ్వించుచుండగా కుమారుడు పనిని నడిపించుచుండెను. 1828 జనవరిలో నది సొరంగములోనికి విరుచుకొనిపడినది. పనివారు కొందరు ప్రాణములు కోల్పోయిరి. బ్రూనెల్ తీవ్రముగ గాయపడి, చాలకాలము విశ్రాంతి తీసికొనవలసివచ్చెను. ఈ విశ్రాంతి వెనుకనే బ్రిస్టలు వంతెన పోటీ అతని కంటబడినది.

1830లో రెండవమారు పోటీ జరిగెను. ఈసారి న్యాయనిర్ణేతలలో రాయల్ సొసైటీకి అధ్యక్షుడుగా నుండిన డేవీస్ గిల్బర్టు ఒకరు. మొదట వారు బర్మింగ్‌హాము నగరపు ఇనుపకార్ఖానావారి నమూనాకే ప్రథమ స్థానమిచ్చిరి. బ్రూనెల్ ఊరకుండలేదు. గిల్బర్టును కలిసికొని, తన నమూనాలో వారు ఎంచిన లోపములకు ఒక్కొక్కదానికి సమాధానము చెప్పెను. తుదకు 1831 మార్చిలో న్యాయనిర్ణేతలు మనస్సు మార్చుకొని అతనినే విజేతగా ప్రకటించిరి. లెక్క ఎంత బాగున్నను వినువానికి అర్థమగునట్లు చెప్పుకొను నేర్పు లేనిదే పని సాగదని ఈ ఘట్టము చెప్పుచున్నది.

అతని గోపురములు ఐగుప్తు దేశపు ఆలయద్వారముల రీతివి. శిఖరములపై స్ఫింక్సు బొమ్మలు కూర్చుండవలెను. గోపురముల చుట్టును పోత ఇనుప పలకలు తొడిగి, వంతెన కట్టిన విధమంతయు ఆ పలకలపై శిల్పములుగా చూపవలెను. 1831 జూన్ 21వ తేదీన పని ఆరంభోత్సవము జరిగెను.

నాలుగు మాసములకే విఘ్నము. పార్లమెంటు ఎన్నికల సంస్కరణ బిల్లును ప్రభువుల సభ త్రోసివేయగా, ఆ అక్టోబరు చివర బ్రిస్టలులో ప్రజలు తిరుగబడిరి. మూడు దినములు ఊరు తగులబడినది, ప్రాణనష్టము కలిగినది. బ్రూనెల్ కూడ ఆ దినములలో ప్రత్యేక పోలీసుగా ప్రమాణము చేసి వీధులలో నిలువవలసివచ్చెను. మంటలు ఆరినవి గాని, ఆ ఊరిలో పెట్టుబడి పెట్టవచ్చునన్న ధైర్యము కూడ వాటితో చల్లారిపోయినది. వంతెన పని ఆగిపోయెను.

ఆ ఊరిలో ఒక భారతీయుని సమాధి

పని ఆగియున్న ఈ సంవత్సరములలోనే మన దేశమునకు చిరస్మరణీయుడైన ఒక అతిథి బ్రిస్టలుకు వచ్చెను. రాజా రామమోహనరాయలు 1831లో ఇంగ్లండు చేరి, 1833 సెప్టెంబరులో బ్రిస్టలునందలి మిత్రుల యింటికి వచ్చి, అక్కడనే జ్వరపడి, ఆ నెల 27వ తేదీన కన్నుమూసెను. అతడు వచ్చిన నాటికి గండిపై ఏమియు లేదు. రెండు కొండలు, నడుమ శూన్యము. పది సంవత్సరముల తరువాత, 1843లో, ద్వారకానాథ ఠాగూరు పూనికచేత అతని దేహమును ఆర్నోస్ వేల్ అను శ్మశానవాటికకు మార్చి, పైన భారతీయ రీతిని ఛత్రిని నిర్మించిరి. అది నేటికిని ఉన్నది. పట్టణ మధ్యమున అతని విగ్రహమును 1997లో నిలిపిరి.

రామమోహనరాయలు తలపెట్టిన సంఘసంస్కారము కూడ అతని జీవితకాలమున ముగియలేదు. తెలుగునాట కందుకూరి వీరేశలింగము పంతులుగారు, రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు బ్రహ్మసమాజ మార్గమున ఆ పనిని అందుకొనిరి. ఒకరు మొదలుపెట్టినదానిని ఇంకొకరు, వేరొక చోట, తమకు తగిన రీతిని సాగించుట వంతెనలకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు.

తీగపై బుట్ట

1836లో వంతెనకు మరల ప్రాణము వచ్చినది. ఆ ఆగస్టు 27వ తేదీన బ్రిస్టలులో బ్రిటిషు శాస్త్రజ్ఞుల మహాసభ జరుగుచుండగా నార్తాంప్టన్ మార్క్విస్ ప్రభువు శంకుస్థాపన చేసెను. సామానులు, మనుష్యులు ఇటునుండి అటు దాటుటకై సుమారు 1,000 అడుగుల పొడవున ఇనుపకడ్డీని గండికి అడ్డముగా వ్రేలాడదీసి, దానికి ఒక బుట్టను తగిలించిరి. బుట్ట కడ్డీపై జారుచు పోవును. మొదట దాటినవాడు బ్రూనెల్. నడుమకు పోవుసరికి బుట్ట చిక్కుకొని నిలిచిపోయెను. క్రింద నది, పైన ఒంటి కడ్డీ. బ్రూనెల్ బుట్టనుండి పైకెక్కి, చిక్కు విడదీసి, ఆవలి గట్టు చేరెను. ఆ తరువాత ఊరివారు కొందరు రుసుము చెల్లించి సరదాకు దాటసాగిరి.

కాని ధైర్యముతో బుట్ట కదలునేగాని ధనము సమకూడదు. 1837లో పని పట్టిన కంట్రాక్టరులు దివాలా తీసిరి. ధర్మకర్తలే పనిని నెత్తిన వేసికొనిరి. గోపురములు లేచినవి. లీ వుడ్స్ వైపున గోపురము క్రింద 110 అడుగుల యెత్తుగల ఎర్రరాతి దిమ్మె లేచినది. 1843 నాటికి 45,000 పౌండ్లు వ్యయమైపోయినవి. ఇంకను 30,000 పౌండ్లు కావలెను. ఎక్కడను దొరకలేదు. పని రెండవమారు ఆగిపోయెను.

ఇటుపైని ఇరువది సంవత్సరముల కాలము రెండు ఒంటరి గోపురములు గండికి ఇరువైపుల నిలిచి ఒకదానినొకటి చూచుకొనుచుండెను. ఈ కాలమున బ్రూనెల్ కీర్తి మిన్నుముట్టినది. లండనునుండి బ్రిస్టలుకు గ్రేట్ వెస్టరన్ రైలుమార్గము వేసినది అతడే. బ్రిస్టలులోనే ‘గ్రేట్ బ్రిటన్’ అను మహా ఇనుపనౌకను కట్టి 1843లో నీటిలో దింపినదియు అతడే. అతడు వేసిన రైళ్ళు నడచినవి, ఓడలు తేలినవి. అతనికి మొదటి కీర్తిని తెచ్చిన వంతెన మాత్రము సగములో నిలిచినది. వంతెనకై చేయించిన ఇనుపసామానును 1851లో అప్పులవారికై అమ్మివేసిరి. ఆ గొలుసుల లంకెలు బ్రూనెల్ చేతికే మరల వచ్చినవి. సాల్టాష్ వద్ద అతడు కట్టుచున్న రాయల్ ఆల్బర్టు రైలువంతెనలో వాటిని వినియోగించెను. 1859 మే నెలలో ఆ వంతెన తెరచిన నాడు అతడు జబ్బుపడి ఉత్సవమునకు రాలేదు. తరువాత ఒకనాడు బండిపై పరుండి దానిని దాటెను. ఆ సెప్టెంబరు 15వ తేదీన తన 53వ యేట మరణించెను.

తోటివారు చెల్లించిన ఋణము

బ్రూనెల్ పోయిన మరుసటి సంవత్సరము లండనులో ఒక సంగతి జరిగెను. థేమ్సుపై అతడే 1845లో కట్టిన హంగర్‌ఫర్డ్ కాలిబాట వంతెనను తొలగించి, ఆ చోట రైలువంతెన కట్టవలసివచ్చెను. అదియును గొలుసుల వంతెనయే. క్రొత్త వంతెన కట్టుచున్న ఇంజనీరు జాన్ హాక్‌షా. విప్పిన గొలుసులు పాత ఇనుముగా పోవలసినవే. కాని హాక్‌షాకు, విలియం హెన్రీ బార్లో అను మరియొక ఇంజనీరుకు క్లిఫ్టన్‌లోని ఒంటరి గోపురములు జ్ఞప్తికి వచ్చినవి. బ్రూనెల్ మొదటి వంతెనకు అతని రెండవ వంతెన గొలుసులు! సివిల్ ఇంజనీర్ల సంస్థ సభ్యులు పూనుకొని క్రొత్త కంపెనీ నేర్పరచి, 5,000 పౌండ్లకు ఆ గొలుసులను కొనిరి. తమ తోటివానికి ఇదియే స్మారకచిహ్నము కావలెనని వారి సంకల్పము. విగ్రహము నిలుపుట సులభమైయుండును. వారు అతని అసంపూర్ణకార్యమును ముగించుటకు పూనుకొనిరి.

ఇక్కడనే మేము మొదట చెప్పిన ప్రశ్న ఎదురగుచున్నది. బార్లో, హాక్‌షా బ్రూనెల్ గీతలను యథాతథముగా అనుసరింపలేదు. బ్రూనెల్ ఒక్కొక్క వైపున రెండేసి గొలుసులు చాలుననెను. వారు మూడేసి వేసిరి. దారిని మరింత బరువుగా, బిగువుగా చేసి, నిలువున ఇనుప దూలములను జతపరచిరి. మూడు దశాబ్దములలో వ్రేలాడు వంతెనలను గూర్చి లోకము నేర్చుకొనిన పాఠములు చాల కలవు. గాలికి చెడిన వంతెనలు కొన్ని ఆ పాఠములను నేర్పినవి. టెల్ఫర్డ్ భయమునకు విలువనిచ్చి, బ్రూనెల్ సాహసమును నిలిపినవారు వీరు. పోయినవానియందలి గౌరవమునకై ప్రజల ప్రాణములను పణముగా పెట్టలేదు.

సొమ్ము చాలనందున స్ఫింక్సులు, పోత ఇనుప పలకలు మాత్రము రాలేదు. గోపురములు ముతకరాతితోనే నిలిచిపోయినవి. నేడు వేలకొలది ప్రజలు మెచ్చుకొను ఆ నిరాడంబర సౌందర్యము బ్రూనెల్ కోరినది కాదు, లేమి ఇచ్చినది. ఐతే ఆ రెండు గోపురములు, ఆ గండి, ఆ ఒంటి వ్రేలాటము అతనివే. ఈ వంతెన ఎవరిదని అడిగినచో, ఊహ బ్రూనెల్‌ది, నిలకడ బార్లో-హాక్‌షాలది యని చెప్పుట న్యాయమని మా అభిప్రాయము.

1862లో పని సాగినది. మొదట తాళ్ళు లాగి, వాటిపై ఇనుప తీగల మోకులు వేసి, చెక్కపలకలు పరచి గండిపై తాత్కాలికమైన కాలిబాట కట్టిరి. ఆ ఊగులాడు బాటపై నిలిచి పనివారు ఒక్కొక్క లంకెను తెచ్చి, చీలలతో కూర్చి, గొలుసును ఇరుగట్లనుండి నడుమకు పెంచుకొనివచ్చిరి. ఒక గొలుసు పూర్తియైన తరువాత దాని పైన రెండవది, దాని పైన మూడవది. వాటినుండి ఒక్కొక్క వైపున 81 ఊచలు దిగినవి. గోపురముల చెంత ఊచ పొడవు సుమారు 65 అడుగులు. వంతెన నడుమ 3 అడుగులే. గొలుసులు ఎండకు సాగి, చలికి కుదియును గనుక గోపుర శిఖరముల మీద వాటిని ఇనుపరోలర్లపై ఆనించిరి. గోపురమును కదల్చక గొలుసు తానే కొంచెము ముందువెనుకలాడును. గోపురముల నడుమ దూరము 702 అడుగులు. టెల్ఫర్డ్ గీచిన గిరికి ఇది 120 అడుగులు పైచిలుకు.

పూర్తియైన తరువాత 500 టన్నుల రాయిని వంతెనపై పరచి పరీక్షించిరి. దారి 7 అంగుళములు క్రుంగినది. అది లెక్కకు లోబడినదే. 1864 డిసెంబరు 8వ తేదీన వంతెనను ప్రజలకు తెరచిరి. విక్ మరణశాసనమునకు అప్పటికి 110 సంవత్సరములు. బ్రూనెల్ మరణమునకు అయిదు సంవత్సరములు.

రాతి దిమ్మెలోని రహస్యము

పెద్దపనులు తెరచిన నాటితో ముగియవు. వాటిని కాపాడుట యను రెండవ చరిత్ర ఆనాడే మొదలగును. వంతెన నేడు ఒక ధర్మకర్తృసంఘము చేతిలో నున్నది. 1952 నాటి పార్లమెంటు చట్టము దీనికాధారము. బండ్లనుండి వసూలగు సుంకముతోనే పోషణ జరుగుచున్నది. గుర్రపుబండ్లకై కట్టిన దారిపై నేడు దినదినము వేలకొలది మోటారుకారులు పోవుచున్నవి. ఐతే బరువు బండ్లను రానీయరు. 2003లో ఉత్సవసమయమున జనసమ్మర్దము మితిమీరగా, అప్పటినుండి పెద్ద ఉత్సవములు జరుగునప్పుడు వంతెనను మూసివేయుట మేలని నిర్ణయించిరి. బండి బరువు కంటె గుమిగూడిన జనము బరువు వంతెనకు ఎక్కువ పరీక్ష యని సామాన్యులకు తోచదు.

కట్టి పదితరములు కాకమునుపే మనుష్యులు తాము కట్టినదానిని మరచిపోవుదురనుటకు ఒక విచిత్రమైన నిదర్శనము కూడ ఇక్కడ కలదు. లీ వుడ్స్ వైపునున్న 110 అడుగుల రాతి దిమ్మె లోపలంతయు రాతితో నిండిన గట్టి కట్టడమని అందరును నమ్మియుండిరి. 2002లో పరిశీలింపగా లోపల 12 కమాను గదులు బయటపడినవి. కొన్నిటి యెత్తు 35 అడుగులకు మించినది. వాటిని కలుపుచు చిన్న సొరంగములు కలవు. బ్రూనెల్ కాలమున రాయి ఆదా చేయుటకు కట్టిన గుల్లగదులవి. నూటయేబది యేండ్లకు పైగా అంత బరువును మోయుచు, తాము గుల్లలమని ఎవరికిని తెలియనీయక అవి నిలిచియున్నవి. ఇప్పుడు దర్శకులను కొందరిని లోనికి తీసికొనిపోయి చూపుచున్నారు.

లీ వుడ్స్ గోపురముపై లాటిను భాషలో ఒక చిన్న వాక్యము చెక్కియున్నది. వ్రేలాడు త్రోవ కష్టముమీద నేర్పడెనని దాని భావము. ‘కష్టముమీద’ అను అర్థముగల లాటిను మాట ‘విక్స్’. చదివినవారికి విలియం విక్ పేరు స్ఫురింపక మానదు. శ్లేషలకు పుట్టినిల్లయిన మన సాహిత్యము చదివినవారు ఈ చమత్కారమును ఆనందింతురని తలంచుచున్నాము. 1,000 పౌండ్లు విడిచిపోయిన వర్తకునికి వంతెనపై దక్కిన గుర్తు ఈ అక్షరశ్లేషయే.

చివరగా ఓడ సంగతి యొకటి చెప్పవలసియున్నది. బ్రూనెల్ కట్టిన ‘గ్రేట్ బ్రిటన్’ నౌక 1844 డిసెంబరులో బ్రిస్టలు విడిచి ఈ గండి గుండ సముద్రమునకు పోయినప్పుడు గట్లపై అసంపూర్ణమైన గోపురములు మాత్రమే ఉండెను. ఆ నౌక లోకమంతయు తిరిగి, ముదిసి, 1937లో దక్షిణ అట్లాంటిక్ సముద్రమునందలి ఫాక్‌లాండు దీవుల తీరమున విడువబడినది. 1970లో దానిని తేలుదిమ్మెపై ఎక్కించి వేల మైళ్ళు లాగి తెచ్చిరి. ఆ జూలై 5వ తేదీన అది ఏవన్ గండిలో ప్రవేశించి, పూర్తియైన వంతెన క్రిందుగా మొదటిసారి పోయినది. గట్లమీద జనము క్రిక్కిరిసియుండిరి. బ్రూనెల్ చేతిపనులు రెండును ఒకచోట కలిసికొనినవి. అతడు ఒక్కనాడును చూడని దృశ్యమది.

నేడు ఇంగ్లండులో చదువుచు, వైద్యులుగాను ఇంజనీర్లుగాను పనిచేయుచు నుండు తెలుగువారు పెక్కుమంది కలరు. వారి తల్లిదండ్రులును అప్పుడప్పుడు ఆ దేశమునకు పోయివచ్చుచున్నారు. అట్టివారు బ్రిస్టలుకు పోయినచో రామమోహనరాయల సమాధిని దర్శించి, ఆ వెనుక క్లిఫ్టన్ వంతెనపై కాలినడకను దాటవలెనని మా సలహా. కాలినడకను దాటువారికి సుంకము లేదు. వంతెన నడుమ నిలిచి చేయి చాచినచో గొలుసు అందునంత క్రిందికి దిగియుండును. ఆ గొలుసు లంకెలలో కొన్ని లండనులో వేరొక నదిపై పదునైదేండ్లు పనిచేసి, ఇక్కడికి వచ్చి, ఇప్పటికి నూటయరువది యేండ్లకు పైగా ఈ గండిపై బరువు మోయుచున్నవి. పని ఏ నదిపైనైనను పనియే గదా!